బరువు తగ్గించే ఆపరేషన్‌కు నిద్ర పరీక్ష: ఎందుకు, ఎక్కడ, ఖర్చు ఎలా?

చెంగిచెర్ల, బోడుప్పల్, ఉప్పల్, నాచారం, చర్లపల్లి ప్రాంత ప్రజల కోసం ఆరోగ్య పథకాల పాఠం

ఈ పాఠం ఎవరికి?

బరువు బాగా పెరిగి, డాక్టరు బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి చెప్పినవారికి. ఆపరేషన్ అయిపోయి, ఇంట్లో సీపాప్ మెషిన్ వాడుతున్నవారికి. రాత్రంతా గురక పెట్టి, పగలు డ్యూటీలో తూగుతున్నవారికి, వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా.

ముందుగా మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

• ఆపరేషన్‌కు ముందు చేసే నిద్ర పరీక్ష మత్తు ఇచ్చేటప్పుడు మీ ప్రాణానికి రక్షణ.
• కొందరికి ఆ రిపోర్టు మీదే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందా రాదా అన్నది తేలుతుంది.
• ఆపరేషన్ తర్వాత బరువు తగ్గింది కదా అని మెషిన్‌ను మీ అంతట మీరు పక్కన పెట్టకూడదు. మళ్లీ పరీక్ష చేయించుకున్నాకే ఆ నిర్ణయం.

1. గురకకు, జబ్బుకు తేడా ఏంటి?

"మంచిగ గుర్రు పెట్టి పడుకున్నడు" అంటాం. గురక అంటే గాఢ నిద్ర అని మన నమ్మకం. చాలాసార్లు అది నిజం కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. మెడ చుట్టూ, నాలుక మొదట్లో కొవ్వు ఎక్కువుంటే గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. గాలి కష్టంగా వెళ్తే గురక వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మనిషి గుటుక్కున గాలి పీల్చి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున లేచాక ఇవేవీ గుర్తుండవు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు.

ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే ఒకసారిగా లెక్కిస్తారు. తీవ్రంగా ఉన్నవారికి ఇలా గంటకు 30 సార్లు, అంతకన్నా ఎక్కువ జరుగుతుంది. అంటే సగటున ప్రతి రెండు నిమిషాలకోసారి. బీపీ మాత్రలకు లొంగకపోవడం, షుగర్ అదుపు తప్పడం, గుండె లయ తప్పడం, పగటి తూగు దీనితో ముడిపడి ఉంటాయి. బరువు ఆపరేషన్‌కు వచ్చేవారిలో సగానికి పైగా మందికి ఈ జబ్బు ఉంటుంది. వాళ్లలో చాలామందికి పరీక్ష అయ్యేదాకా ఆ సంగతి తెలియదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాళ్లు గురక సంగతి బయటకు చెప్పుకోరు. "ఒళ్లంతా నీరసం", "నిద్ర పడుతలేదు", "పొద్దున్నే తలనొప్పి" అని చెప్తారు. దాంతో మందులు రక్తహీనతకో, టెన్షన్‌కో నడుస్తుంటాయి. నెలసరి ఆగిన తర్వాత ఈ జబ్బు పెరుగుతుంది. కాబట్టి పరీక్ష మగవాళ్లకే అనుకోవద్దు.

2. ఇంట్లో కూర్చుని చూసుకునే 8 ప్రశ్నలు

కెనడాలోని టొరంటోలో మత్తు డాక్టర్లు 2008లో ఒక చిన్న ప్రశ్నావళి తయారు చేశారు. దాన్ని స్టాప్-బ్యాంగ్ అంటారు. ఆపరేషన్ల ముందు చాలా దేశాల్లో వాడుతున్నారు. "అవును" అన్న ప్రతి జవాబుకు 1 మార్కు వేసుకోండి.

1) తలుపు వేసినా పక్క గదిలోకి వినపడేంత గురక ఉందా?
2) పగలు తరచూ అలసట, నిద్రమత్తు ఉంటోందా?
3) నిద్రలో మీకు ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4) బీపీ ఉందా, లేదా బీపీకి మందులు వాడుతున్నారా?
5) బీఎంఐ 35 దాటిందా?
6) వయసు 50 దాటిందా?
7) మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా?
8) మీరు మగవారా?

0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ. 3 లేదా 4 వస్తే మధ్యస్థం. 5, ఆపైన వస్తే ఎక్కువ. మూడో ప్రశ్నకు జవాబు మీకు తెలియదు, పక్కన పడుకునేవాళ్లను అడగండి. ఊపిరి ఆగుతున్నట్టు అనిపిస్తే ఒక రాత్రి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించమనండి.

ఈ మార్కులు జబ్బును ఖాయం చేయవు. పరీక్ష అవసరమా కాదా అన్నది మాత్రం చెప్తాయి.

3. ఆపరేషన్‌కు ముందే ఎందుకు?

మొదటి కారణం మత్తు. మత్తు మందులు, ఆపరేషన్ తర్వాత ఇచ్చే బలమైన నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. మెదడు ఉలిక్కిపడి లేపే శక్తినీ తగ్గిస్తాయి. మామూలు రోజుల్లో మిమ్మల్ని కాపాడే ఆ ఉలికిపాటే ఆ రాత్రి సరిగా పనిచేయదు. జబ్బు ఉందని ముందే తెలిస్తే మత్తు డాక్టరు మందులు మార్చి ఇస్తారు, తలవైపు ఎత్తుగా పడుకోబెడతారు, ఆక్సిజన్‌ను రాత్రంతా కనిపెట్టి చూస్తారు, సీపాప్ సిద్ధంగా ఉంచుతారు.

రెండో కారణం ముందస్తు చికిత్స. మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవారికి ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే సీపాప్ మొదలుపెడతారు. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే మెషిన్ మెల్లగా గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ బృందం దీన్ని లోకానికి పరిచయం చేసింది. మాస్కు అలవాటు కావడానికి రోజులు పడుతుంది. అందుకే ఆపరేషన్ డేట్ తీసుకున్నాక, ఆఖరి వారంలో పరీక్షకు వెళ్తే ఉపయోగం సగమే.

మూడోది, కొందరికి పగలు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. ఇది ఇంకా ప్రమాదకరం. వాళ్లకు సీపాప్ చాలకపోవచ్చు, బైపాప్ కావాల్సి రావచ్చు. ఇదీ ముందే తేలాలి.

4. ఆ రాత్రి ఏం జరుగుతుంది?

పరీక్ష పేరు పాలిసోమ్నోగ్రఫీ. సూదులు ఉండవు, నొప్పి ఉండదు. రాత్రి 8, 9 గంటలకు వెళ్తే పొద్దున ఇంటికి పంపిస్తారు. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, ఛాతీకి, కాళ్లకు చిన్న తీగలు అతికిస్తారు. ఛాతీకి, పొట్టకు రెండు బెల్టులు, ముక్కు దగ్గర గాలిని గుర్తించే గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. బాత్రూంకు వెళ్లాలంటే తీగల పెట్టె తీసి పంపిస్తారు, మొహమాటపడకండి.

కొందరికి ఇంటి దగ్గరే తక్కువ తీగలతో చేసే పరీక్ష సరిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి, బరువు మరీ ఎక్కువున్నవారికి ల్యాబ్ పరీక్షే రాస్తారు.

వెళ్లేముందు:

• తలస్నానం చేయండి. తర్వాత నూనె రాయొద్దు, తీగలు అతుక్కోవు.
• గోళ్ల రంగు తీసేయండి.
• ఆ రోజు మధ్యాహ్నం నిద్రపోవద్దు. మధ్యాహ్నం తర్వాత చాయ్, కాఫీ వద్దు. మందు ముట్టొద్దు.
• బీపీ, షుగర్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. నిద్రమాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి.
• మీ దిండు, లుంగీ లేదా నైటీ తీసుకెళ్లండి. పరిచయమైన దిండుతో నిద్ర తొందరగా పడుతుంది.

"కొత్త జాగలో నాకు నిద్రే పట్టదు కదా?" అని చాలామంది అడుగుతారు. మామూలుగా కొన్ని గంటల నిద్ర రికార్డయినా రిపోర్టు వస్తుంది. జబ్బు తీవ్రంగా కనిపిస్తే అదే రాత్రి రెండో సగంలో సీపాప్ పెట్టి ఎంత ఒత్తిడి సరిపోతుందో కూడా చూస్తారు.

5. రిపోర్టులో ఏం చూడాలి?

ముఖ్యమైన అంకె ఏహెచ్ఐ. గంట నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క.

• 5 లోపు: మామూలు
• 5 నుంచి 15 లోపు: తక్కువ స్థాయి
• 15 నుంచి 30 లోపు: మధ్యస్థం
• 30, ఆపైన: తీవ్రం

లెక్క ఇలా ఉంటుంది. 6 గంటల నిద్రలో 210 సార్లు ఊపిరికి అడ్డంకి వచ్చిందనుకోండి. 210ని 6తో భాగిస్తే 35. అంటే తీవ్రం. దీనితోపాటు ఆక్సిజన్ ఎంత వరకు పడిపోయింది, 90 శాతం కన్నా తక్కువ ఎంతసేపు ఉంది అన్నవి కూడా అడిగి తెలుసుకోండి. రిపోర్టు ఒరిజినల్ దాచుకోండి, ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ముందు ముందు ఇది చాలాచోట్ల అడుగుతారు.

6. ఖర్చు ఎవరిది? మీకు ఏ దారి?

ఈఎస్ఐ ఉన్నవారు. నాచారం, చర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవారిలో చాలామందికి ఇదే దగ్గరి దారి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, కంపెనీ ఈఎస్ఐలో నమోదై ఉంటే మీ జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం జమవుతుంది. వైద్యం మీకూ, మీమీద ఆధారపడిన కుటుంబసభ్యులకూ వర్తిస్తుంది. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడి నుంచి నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి, అవసరమైతే సనత్‌నగర్ ఈఎస్ఐసీ ఆస్పత్రికి రెఫరల్ రాస్తారు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఈఎస్ఐ హాస్పిటల్ స్టేషన్‌లో దిగొచ్చు. రెఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటుకు పోయి తర్వాత బిల్లు పెడితే ఇబ్బంది అవుతుంది. ఆపరేషన్‌కు సెలవు పెడితే, చందా కట్టిన రోజుల నిబంధన పూర్తయినవారికి జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి.

ఆర్టీసీ కుటుంబాలు. చెంగిచెర్ల డిపో ఉద్యోగులు ముందుగా తార్నాక ఆర్టీసీ ఆస్పత్రిలో చూపించుకుని, అక్కడి సలహా ప్రకారం వెళ్లాలి.

ఆరోగ్యశ్రీ కార్డున్నవారు. రాష్ట్రంలో కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబర్ 9న 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే పరిమితి ఉన్నంత మాత్రాన ప్రతి ఆపరేషన్ వర్తించదు. పథకం జాబితాలో ఆ చికిత్స పేరు ఉండాలి. కాబట్టి ఎవరో చెప్పారని అడ్వాన్సు కట్టకండి. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రకు డాక్టరు చీటీ చూపించి, ఆపరేషన్‌కూ నిద్ర పరీక్షకూ విడివిడిగా అడగండి. 104కు ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు.

ఏ కార్డూ లేనివారు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల ఓపీతో మొదలుపెట్టండి. ఉస్మానియా ఆస్పత్రిలో 200 కిలోలకు పైబడిన ఒక యువకుడికి బరువు ఆపరేషన్ చేసిన సంగతి 2023 జనవరిలో పేపర్లలో వచ్చింది. గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలో ఊపిరితిత్తుల విభాగం ఓపీలో గురక, తూగు సంగతి చెప్పి నిద్ర పరీక్ష గురించి అడగండి. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలకు మాత్రం అంత దూరం అక్కర్లేదు. దగ్గరి బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌లో ఉచితంగా చేస్తారు.

7. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవారు ఈ భాగం తప్పక చదవండి

హైదరాబాద్‌లోనే ఉన్న ఐఆర్‌డీఏఐ, అంటే దేశ బీమా నియంత్రణ సంస్థ, అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో మినహాయింపులు రాసిచ్చింది. బరువు తగ్గించే ఆపరేషన్‌కు డబ్బు రాదు అన్నది అందులో ఒకటి. కానీ ఈ షరతులన్నీ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు:

• ఆపరేషన్ డాక్టరు సలహా మీదే జరగాలి, వైద్య ప్రమాణాల ఆధారం ఉండాలి.
• వయసు 18, ఆపైన ఉండాలి.
• బీఎంఐ 40, ఆపైన ఉండాలి. లేదా 35, ఆపైన ఉండి, ఇతర పద్ధతులతో బరువు తగ్గక, ఈ నాలుగింటిలో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్.

ఒక లెక్క చూద్దాం. చర్లపల్లి ఆయిల్ టెర్మినల్ నుంచి ట్యాంకర్ నడిపే ఒక డ్రైవరు ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు అనుకుందాం. బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 104ను 1.68తో భాగిస్తే 61.9, దాన్ని మళ్లీ 1.68తో భాగిస్తే 36.8. అంటే 35 దాటింది, 40కి చేరలేదు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు. ఇప్పుడు ఆయన క్లెయిమ్ మొత్తం నిద్ర పరీక్ష మీదే ఆధారపడి ఉంది. ఏహెచ్ఐ 35 వచ్చి, డాక్టరు "తీవ్రం" అని రాస్తే ఈ షరతు తీరుతుంది. పరీక్షే చేయించకపోతే చూపించడానికి కాగితమే లేదు.

ఇక్కడ ఇంకో తేడా తెలియాలి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు తమ మార్గదర్శకాలు మార్చాయి. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ ఆలోచించవచ్చని, ఆసియా వాళ్లకు ఇంకా తక్కువ బీఎంఐకే పరిశీలించవచ్చని చెప్పాయి. బీమా షరతు మాత్రం పాతదే. కాబట్టి "మీకు ఆపరేషన్ చేయొచ్చు" అని డాక్టరు చెప్పిన మాటకు "కంపెనీ డబ్బు ఇస్తుంది" అని అర్థం కాదు.

ఇంకా కొన్ని జాగ్రత్తలు:

• డైట్, వ్యాయామం, మందులతో ప్రయత్నించిన రుజువులు దాచండి. తేదీతో బరువు రాసిన ఓపీ చీటీలు పనికొస్తాయి.
• పరీక్ష కోసమే ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంటే ఆ బిల్లుకు మామూలుగా బీమా వర్తించదు. తర్వాత అదే జబ్బుకు ఆపరేషన్ అయితే, "అడ్మిషన్‌కు ముందు ఖర్చుల" కింద అడగొచ్చు. పాలసీలో రాసినన్ని రోజుల లోపలే, చాలావాటిలో 30 లేదా 60 రోజులు, పరీక్ష జరిగి ఉండాలి.
• జబ్బు తేలాక కొత్త పాలసీ తీసుకుంటే దాచకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాల్సి ఉంటుంది. దాస్తే క్లెయిమ్ రోజున మొత్తానికే మోసం వస్తుంది.
• క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా భరోసా నంబరు 155255 ఉంది, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

8. ఆపరేషన్ తర్వాత: మెషిన్ ఎప్పుడు ఆపాలి?

సీపాప్ ఉన్నవారు ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు మీ మెషిన్, మీ మాస్కు వెంట తీసుకెళ్లండి. గాలి ఒత్తిడికి కుట్లు ఊడతాయేమో అని కొందరు భయపడి మొదటి రాత్రే తీసేస్తారు. ఆపరేషన్ తర్వాత సీపాప్ వాడినవారిలో కుట్ల దగ్గర లీకులు పెరిగినట్టు అధ్యయనాల్లో కనపడలేదు. మీ సర్జన్ చెప్పినట్టు వాడండి.

తర్వాతి నెలల్లో బరువు తగ్గుతుంది, గురక కూడా తగ్గుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం పోయినట్టు కాదు.

రెండు అధ్యయనాలు చూడండి. బరువు ఆపరేషన్ చేయించుకున్న 342 మంది వివరాలను కలిపి 2009లో విశ్లేషించారు. ఏహెచ్ఐ సగటు సుమారు 55 నుంచి 16కు దిగింది. ఇది పెద్ద మేలే. కానీ 16 అంటే ఇంకా మధ్యస్థ స్థాయే. 2012లో ఆస్ట్రేలియాలో 60 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పొట్టకు బ్యాండు వేసే ఆపరేషన్ చేశారు, రెండో గుంపుకు మామూలు పద్ధతులతో బరువు తగ్గించే ప్రయత్నం చేశారు. మొదటి గుంపు సగటున దాదాపు 28 కిలోలు తగ్గింది, రెండోది 5 కిలోలు. బరువులో అంత తేడా ఉన్నా, ఏహెచ్ఐ తగ్గుదలలో రెండు గుంపుల మధ్య తేడా గణాంకాల ప్రకారం ఖాయంగా తేలలేదు. గొంతు నిర్మాణం, దవడ ఆకారం, వయసు కూడా ఈ జబ్బుకు కారణాలే, అవి బరువుతో పోవు.

అందుకని:

• శరీర బరువులో 10 శాతం తగ్గాక ఒకసారి డాక్టరును కలవండి. పాత ఒత్తిడి ఎక్కువై ఇబ్బంది పెట్టొచ్చు, మాస్కు వదులై గాలి కారొచ్చు. రెండూ సరిచేయించుకోవాలి.
• బరువు ఒకచోట నిలబడ్డాక, మామూలుగా 6 నుంచి 12 నెలల మధ్య, నిద్ర పరీక్ష మళ్లీ చేయించుకోండి. మెషిన్ ఆపాలా, తగ్గించాలా, ఉంచాలా అన్నది ఆ రిపోర్టు చూసి డాక్టరు చెప్తారు.
• కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరిగితే, పగటి తూగు తిరిగొస్తే మూడోసారీ పరీక్షకు వెళ్లండి.

బస్సు, ట్యాంకర్, లారీ, ఆటో, క్యాబ్ నడిపేవారికి ఇది ఇంకా ముఖ్యం. స్టీరింగ్ ముందు నాలుగు సెకన్ల కునుకు చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ నాలుగు సెకన్లకు బండి 66 మీటర్లు పోతుంది. పరీక్షకు వెళ్తే ఉద్యోగం పోతుందేమో అని జంకకండి. ఈ జబ్బుకు చికిత్స ఉంది, మెషిన్ క్రమంగా వాడితే పగటి తూగు బాగా తగ్గుతుంది. తూగు ఉన్న రోజుల్లో మాత్రం బండి తీయొద్దు.

9. ఈ వారమే చేయాల్సినవి

☐ 8 ప్రశ్నలకు మార్కులు వేసుకోండి. మెడ కొలిపించుకోండి.
☐ మీ బీఎంఐ లెక్క కట్టండి.
☐ మీది ఏ దారి? ఈఎస్ఐ, ఆర్టీసీ, ఆరోగ్యశ్రీ, ప్రైవేటు పాలసీ, ప్రభుత్వ ఓపీ: ఒకటి టిక్ పెట్టుకోండి.
☐ ఆపరేషన్ డేట్ ఖాయం చేసేముందు "నాకు నిద్ర పరీక్ష కావాలా?" అని సర్జన్‌ను, మత్తు డాక్టరును ఇద్దరినీ అడగండి.
☐ ఆధార్, కార్డు, ఓపీ చీటీలు, రిపోర్టులు ఒకే ఫైల్‌లో పెట్టండి.
☐ ఆపరేషన్ అయినవారు మళ్లీ పరీక్ష ఎప్పుడో డాక్టరును అడిగి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

ఈ పాఠం అవగాహన కోసమే. మీకు ఏ చికిత్స సరిపోతుందో మీ డాక్టరే చెప్పాలి. ఇంట్లో, బస్తీలో, డిపోలో, కంపెనీలో గట్టిగా గురక పెట్టి పగలు తూగేవాళ్లు ఉంటే ఈ పీడీఎఫ్ వాళ్లకు పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.